రాబోయే మోడల్ కోసం ఆగిన ఇండెంట్ల గురించి: వరంగల్ వైపు కొనుగోలు కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కొనుగోలు కమిటీ సభ్యులకు,

నమస్కారం. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, రామగుండం, భూపాలపల్లి వైపు కాలేజీల్లో, సర్వే ఆఫీసుల్లో, డిజైన్ సంస్థల్లో మొబైల్ వర్క్‌స్టేషన్ల (భారీ డిజైన్, లెక్కల పనికి చేసిన లాప్‌టాప్‌ల) కోసం పెట్టిన ఇండెంట్లు (కొనుగోలు అభ్యర్థనలు) తరచూ ఒకే మాట మీద ఆగిపోతుంటాయి: "కొత్త మోడల్ వస్తుందట, చూసి కొందాం." ఆగినన్ని నెలలు ఆగి, ఫిబ్రవరి దాటాక ఫండ్స్ ల్యాప్స్ అవుతాయని కంగారుపడి, మూడు కొటేషన్లు తెప్పించి, కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో ఎల్-1 (అన్నిటికంటే తక్కువ ధర) వచ్చినవాళ్లకు ఆర్డర్ ఇచ్చేస్తారు. ఆ స్టేట్‌మెంట్‌లో ఉండేవి ప్రాసెసర్ పేరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పేరు, ధర. మూడేళ్లపాటు ఆ మెషిన్ మీద కూర్చునేవాళ్లకు కావాల్సిన విషయాలు చాలావరకు ఆ కాగితంలోకి ఎక్కనే ఎక్కవు. సీఏడీ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం), సర్వే, సిమ్యులేషన్ పనులు చేసేవాళ్లుగా మా విన్నపం రెండు ముక్కలు. అంగట్లోకి రాని మోడల్ కోసం ఇండెంట్ ఆపకండి. కొనేటప్పుడు చిప్పు పేరుతో సరిపెట్టకుండా వాట్లు, వీడియో మెమరీ (గ్రాఫిక్స్ చిప్పు సొంత మెమరీ), వేడెక్కాక నిలబడే వేగం రాయించుకోండి.

ముందు ఆగడం సంగతి. ఎన్విడియా తన వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ గ్రాఫిక్స్ కొత్త తరాలను 2021 ఏప్రిల్‌లో, 2023 మార్చిలో, 2025 మార్చిలో ప్రకటించింది. ప్రకటించిన రోజు నుంచి ఆ చిప్పు మన టేబుల్ మీదికి రావడానికి దారి పొడుగు. లాప్‌టాప్ కంపెనీ దాన్ని తన మోడల్‌లో పెట్టాలి. సాలిడ్‌వర్క్స్, సీమెన్స్ ఎన్‌ఎక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లవాళ్లు పరీక్షించి సర్టిఫై చేయాలి. ఇక్కడ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. 2023 నవంబర్ నుంచి లాప్‌టాప్ దిగుమతులకు ముందస్తు అనుమతి కూడా కావాలి. ఆ తర్వాతే ఇండియా ధరల పట్టికలో పార్ట్ నంబర్ కనిపిస్తుంది. మన ఆర్థిక సంవత్సరమేమో మార్చి 31తో సరి. మీరు బిల్లు పెట్టుకోవాల్సిన వారాల్లోనే కొత్త తరం పేరు వార్తల్లోకి వస్తుంది, సరుకు మాత్రం ఏ డీలర్ దగ్గరా ఉండదు. దీన్ని దురదృష్టం అనుకోనక్కర్లేదు, క్యాలెండరే అలా ఉంది. ఇన్‌వాయిస్ తేదీలోపు డెలివరీ ఇస్తానని డీలర్ రాతపూర్వకంగా ఇవ్వలేని మోడల్‌ను పోలికలోకే తీసుకోవద్దు.

ఇంకో మాట. ఆగితే ధర తగ్గుతుందన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయడం లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారాన్నే వదులుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. 64, 128 జీబీ ర్యామ్ పెట్టుకునే ఈ తరగతి మెషిన్లకే ఆ దెబ్బ ఎక్కువ. కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో చూసుకుని, ఆ గడువులోపే మీటింగ్ పెట్టుకోండి.

అయితే ఆగడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. వీడియో మెమరీ పెరిగే చోట ఆగొచ్చు. లాప్‌టాప్ చిప్పుల్లో 2023లో వచ్చిన ఏడా తరం ఆర్‌టీఎక్స్ 5000కి 16 జీబీ ఉండేది, 2025లో వచ్చిన బ్లాక్‌వెల్ తరం ఆర్‌టీఎక్స్ ప్రో 5000కి 24 జీబీ ఉంది. 4000 శ్రేణి 12 నుంచి 16కి, 3000 శ్రేణి 8 నుంచి 12కి పెరిగాయి. 2000 శ్రేణి మాత్రం అప్పుడూ 8, ఇప్పుడూ 8. మన కాలేజీలు ఎక్కువగా కొనేది ఆ 2000 శ్రేణే! ఆ బడ్జెట్‌లో ఉన్నవాళ్లు పాత తరం మెషిన్ మంచి ధరకు, పూర్తి వారంటీతో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ప్రాసెసర్ల విషయంలోనూ అంతే. కోర్ ఐ9 13950హెచ్‌ఎక్స్‌లో 24 కోర్లు, 32 థ్రెడ్లు. కోర్ అల్ట్రా 9 285హెచ్‌ఎక్స్‌లో కోర్లు అన్నే, థ్రెడ్లు 24. కొత్తది ఒక్కో కోర్ వేగంలో ముందుంది, నిజమే. దానికోసం ఒక బ్యాచ్ విద్యార్థుల ప్రాజెక్టు ఏడాది పోగొట్టేంత తేడా మాత్రం కాదు.

ఇక వాట్లు. మొత్తం లేఖలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకునే తీరిక ఉంటే ఇది పెట్టుకోండి. లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పును ఎంత కరెంటుతో నడపాలన్నది లాప్‌టాప్ కంపెనీ ఇష్టం. ఏడా తరం ఆర్‌టీఎక్స్ 2000నే చూడండి, ఎన్విడియా దానికి ఇచ్చిన పరిధి 35 వాట్ల నుంచి 140 వాట్ల దాకా. పలుచని మోడల్‌లో అడుగు వాట్ల మీద, మందపాటి మోడల్‌లో పై వాట్ల మీద నడుస్తుంది. స్టిక్కర్ ఒకటే, స్టేట్‌మెంట్‌లో రాసే పేరూ ఒకటే. లో వోల్టేజీలో ఐదు హెచ్‌పీ మోటారు ఎన్ని నీళ్లు తోడుతుందో మన రైతులను అడిగితే చెప్తారు, ఇదీ అంతే. కాబట్టి స్పెసిఫికేషన్‌లో "గ్రాఫిక్స్ గరిష్ఠ పవర్ ఇన్ని వాట్లకు తగ్గరాదు" అనే వాక్యం ఉండి తీరాలి. జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్‌లో) కొంటుంటే బయ్యర్ ఏటీసీలో (కొనేవాళ్లు చేర్చే అదనపు షరతుల్లో) పెట్టండి. మెషిన్ వచ్చాక సరిచూసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు: ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే వచ్చే పట్టికలో మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరుస ఉంటుంది. అదే అసలు అంకె. స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌స్టలేషన్ రిపోర్ట్‌కు జతచేయండి.

పేర్లలో ఇంకో మోసం ఉంది. మోసం అనడం కాస్త ఎక్కువేమో గానీ, ఫలితం అదే. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5000 ఏడా కార్డులో 32 జీబీ మెమరీ, 12,800 క్యూడా కోర్లు (ఎన్విడియా చిప్పులో లెక్కలు చేసే భాగాలు). అదే పేరుతో లాప్‌టాప్‌లో వచ్చేదానికి 16 జీబీ, 9,728 కోర్లు. కాబట్టి ల్యాబ్‌లోంచి అడుగు బయటపెట్టని మెషిన్లకు లాప్‌టాప్ ఎందుకని కమిటీ ఒకసారి అడగాలి. అదే డబ్బుకు టవర్ ఎక్కువ పనిచేస్తుంది, చల్లగా ఉంటుంది, పాడైతే పార్టులు దొరుకుతాయి. భూపాలపల్లి గనుల దగ్గర డ్రోన్ సర్వే చేసి అక్కడే డేటా చూసుకోవాల్సిన జట్టుకో, రామప్ప లాంటి కట్టడాన్ని స్కాన్ చేస్తూ పాయింట్లు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడికక్కడే తేల్చుకోవాల్సిన వాళ్లకో, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో క్లయింటు ముందు మోడల్ తెరిచేవాళ్లకో మొబైల్ వర్క్‌స్టేషన్ కావాలి. వాళ్లు కూడా మెషిన్ బరువుతో పాటు అడాప్టర్ బరువు కలిపి చూసుకోవాలి. పెద్ద మోడల్స్‌కు వచ్చే 330 వాట్ల అడాప్టర్ చిన్న ఇటుకంత ఉంటుంది, బ్రోచర్‌లోని బరువులో అది ఉండదు.

ఎవరి పనికి ఏది అన్నది వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

సాలిడ్‌వర్క్స్, రెవిట్‌లో మోడల్ గీసే పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది. వాళ్లకు కోర్ అల్ట్రా 7 265హెచ్‌ఎక్స్ చాలు. అది 20 కోర్లతో 5.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. 285హెచ్‌ఎక్స్‌కు మారితే వచ్చేది నాలుగు చిన్న కోర్లు, 0.2 గిగాహెర్ట్జ్. ఆ తేడా డబ్బుతో ర్యామ్ 32 నుంచి 64కి పెంచుకుంటే అసెంబ్లీలు తెరిచేటప్పుడు హాయిగా ఉంటుంది. ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీయడానికైతే వర్క్‌స్టేషనే అక్కర్లేదు, మామూలు లాప్‌టాప్ సరిపోతుంది.

ఆన్సిస్ మెకానికల్ లాంటి ఎఫ్‌ఈఏ (భాగాల మీద ఒత్తిడి, వంపు లెక్కించే) పనికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే సాల్వర్ ఉరుకుతుందన్న నమ్మకం ఒకటి ఉంది. ఆ లెక్కలు డబుల్ ప్రెసిషన్‌లో (ఎక్కువ దశాంశాల కచ్చితత్వంతో) నడుస్తాయి. ఈ లాప్‌టాప్ చిప్పుల్లో డబుల్ ప్రెసిషన్ వేగం సింగిల్ ప్రెసిషన్‌లో 64వ వంతు మాత్రమే. 24 జీబీ కార్డు పెట్టి 32 జీబీ ర్యామ్‌తో కొన్న మెషిన్‌లో మ్యాట్రిక్స్ మెమరీలో పట్టక ఎస్‌ఎస్‌డీ మీదికి పొర్లుతుంది, గంట పని పూటంతా సాగుతుంది. అలాంటి చోట కార్డు ఒక మెట్టు తగ్గించి, ర్యామ్ 128కి పెంచాలి.

డ్రోన్ ఫొటోలతో, లైడార్ (లేజర్ స్కాన్) పాయింట్లతో పనిచేసేవాళ్లకు తీరు వేరు. ఫొటోల నుంచి 3డీ మోడల్ కట్టే మెటాషేప్ లాంటివి కార్డునూ ర్యామ్‌నూ రెండింటినీ తింటాయి. 12 జీబీ వీడియో మెమరీ, 64 జీబీ ర్యామ్ కంటే కిందికి వెళ్లొద్దు. ప్రాజెక్టు ఫైళ్లకు విండోస్ ఉన్న డ్రైవ్ కాకుండా రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోండి.

ఏఐ భాషా నమూనాలను (చాట్‌బాట్ల వెనక ఉండేవాటిని) మెషిన్ మీదే నడపాలనుకునే డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు 128 జీబీ ఉమ్మడి మెమరీ (ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిసి వాడుకునేది) ఉన్న హెచ్‌పీ జెడ్‌బుక్ అల్ట్రా జీ1ఏ వైపు చూస్తున్నాయి. అందులో ఏఎమ్‌డీ రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ ప్రో 395 ఉంటుంది, 96 జీబీ దాకా గ్రాఫిక్స్‌కు కేటాయించుకోవచ్చు. 40 జీబీ నమూనా 24 జీబీ ఆర్‌టీఎక్స్ ప్రో 5000లో పట్టదు, ఇందులో పడుతుంది. కాకపోతే దీని మెమరీ వేగం సెకనుకు 256 జీబీ, ఆర్‌టీఎక్స్ ప్రో 5000ది 896 జీబీ. మామూలు (డెన్స్) నమూనా అయితే ఒక్కో టోకెన్‌కు (మాట ముక్కకు) నమూనా మొత్తం ఒకసారి చదవాలి కాబట్టి 256ను 40తో భాగించండి: సెకనుకు ఆరు టోకెన్లు దాటవు. ఒకరు పరిశోధన చేసుకోవడానికి పనికొస్తుంది, క్లాసు మొత్తం వాడుకోవడానికి పనికిరాదు. పైగా ఎన్విడియా క్యూడా కోసమే రాసిన సాఫ్ట్‌వేర్ అందులో నడవదు, మెమరీ బోర్డు మీదే అతికించి ఉంటుంది కాబట్టి తర్వాత పెంచుకోలేరు.

మెమరీ పెంచుకోవడం దగ్గర ఇంకో చిక్కు. థింక్‌ప్యాడ్ పీ16 జెన్ 3, జెడ్‌బుక్ ఫ్యూరీ జీ1ఐ లాంటి పెద్ద మోడల్స్‌లో మామూలు ర్యామ్ స్లాట్లు నాలుగుంటాయి, 48 జీబీ స్టిక్కులతో 192 జీబీ దాకా వెళ్లొచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో స్టిక్కు కొనుక్కొచ్చి పెట్టుకోవచ్చు. డెల్ 2022లో ప్రెసిషన్ 7670తో తెచ్చిన క్యామ్ మాడ్యూల్ అలా కాదు, మెమరీ మొత్తం ఒకే పలక. 2023 డిసెంబర్‌లో మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ దీన్ని క్యామ్2 పేరుతో ప్రమాణం చేసినా మన బజారులో షాపుకెళ్లి తెచ్చుకునే వస్తువు ఇంకా కాలేదు. అలాంటి మోడల్ తీసుకుంటే కావాల్సిన మెమరీ మొదటి రోజే వేయించుకోవాలి. నాలుగు స్లాట్లు ఉన్నవాటిలోనూ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. "32 జీబీ ర్యామ్" అని మాత్రమే రాస్తే ఒకే స్టిక్కు వేసి ఇస్తారు, మెమరీ బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. "రెండు 16 జీబీ స్టిక్కులు" అని రాయండి. నాలుగు స్లాట్లూ నింపితే మెమరీ వేగం తగ్గుతుంది కాబట్టి 64 కావాలంటే రెండు 32లు అడగండి, నాలుగు 16లు వద్దు. కొన్ని మోడల్స్‌లో రెండు స్లాట్లు కీబోర్డు కింద ఉంటాయి. ఏ స్లాట్లలో పెట్టి ఇస్తున్నారో, తర్వాత పెంచుకునేవి వెనక మూత తీస్తే అందుతాయో లేదో ముందే అడగాలి.

డిస్‌ప్లే గురించి ఒక్కటే. లక్షలు పోసిన మెషిన్‌కు కూడా అడుగు ధరలో ఇచ్చే ప్యానెల్ 45 శాతం ఎన్‌టీఎస్‌సీది, వెలిసిపోయిన రంగులది. సీఏడీకి దానితో నెట్టుకురావచ్చు. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు వైపు బట్టల డిజైన్ పని చూసేవాళ్లు డీసీఐ-పీ3 (స్క్రీన్ చూపగల రంగులకు ఒక కొలత) నూటికి నూరు శాతం అని రాయకపోతే స్క్రీన్ మీది రంగు ఒకటి, గుడ్డ మీది రంగు ఒకటి అవుతుంది.

వేడి మన ఊళ్లకు ప్రత్యేకం. రివ్యూలన్నీ ఏసీ గదుల్లో చేస్తారు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం బయట 44, 45 డిగ్రీలుంటే ఫ్యాన్ కింద నడిచే ల్యాబ్‌లో 38కి తగ్గదు. గది వేడి ఒక డిగ్రీ పెరిగితే చిప్పు వేడి కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి రాగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే మొదటి నిమిషం స్కోరు చూసి మురిసిపోకూడదు. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ 2024లో పది నిమిషాల పరీక్ష ఉంది. దాన్ని రెండుసార్లు వెంటవెంటనే, ఏసీ లేని గదిలో నడిపి, రెండోసారి వచ్చిన స్కోరు రాసుకోండి. పోటీలో ఉన్న మోడల్స్‌ను ఆ రెండో స్కోరుతో పోల్చండి. పలుచని మోడల్స్ అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. పత్తి సీజన్‌లో మార్కెట్ దగ్గరి ఆఫీసుల్లో దూది పీచు, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుపోతాయి. ఆరు నెలలకోసారి మూత తీసి బ్లోయర్ కొట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఈ పనిని ఏఎంసీలో (వార్షిక నిర్వహణ ఒప్పందంలో) రాయించండి, లేకపోతే ఎవరూ చేయరు.

కరెంటు. 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్ట్‌ల మీద 1,380 వాట్లు మోస్తుంది. 330 వాట్ల అడాప్టర్లు నష్టం కలుపుకుని ఒక్కోటి 360 వాట్ల పైన లాగుతాయి, కాబట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మూడుకు మించి పెట్టొద్దు. అన్ని లాప్‌టాప్‌లకూ యూపీఎస్ కొనడం దండగ, బ్యాటరీ ఉండనే ఉంది. కానీ లైసెన్స్ సర్వర్, నెట్‌వర్క్ స్విచ్ యూపీఎస్ మీద లేకపోతే కరెంటు పోయిన కొద్దిసేపటికే ఫ్లోటింగ్ లైసెన్స్ (సర్వర్ నుంచి అందరూ పంచుకునే లైసెన్స్) తెగి, బ్యాటరీ మీద నడుస్తున్న ముప్పై మెషిన్లలోనూ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. ఆ రెండింటికీ చిన్న యూపీఎస్ పెట్టండి చాలు. బ్యాటరీ మీద పూర్తి పని చేయొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. విమాన ప్రయాణ నిబంధనల వల్ల ఏ కంపెనీ అయినా 100 వాట్-అవర్ల లోపే బ్యాటరీ పెడుతుంది. 150 వాట్లు లాగే పనికి 95 వాట్-అవర్లు 38 నిమిషాలు. 100 వాట్ల యూఎస్‌బీ-సీ డాక్ మీద పెట్టి "ఛార్జ్ అవుతూనే ఉంది కానీ స్లో" అనే ఫిర్యాదుకు కూడా కారణం ఇదే, డాక్ ఇచ్చే కరెంటు దాని ఆకలికి చాలదు.

వారంటీ విషయంలో "3 ఇయర్స్ ఆన్‌సైట్" అనే మూడు ముక్కలు చాలవు. మరుసటి పనిదినం సర్వీసు హైదరాబాద్‌కే పరిమితమా, 505, 506తో మొదలయ్యే మన పిన్‌కోడ్‌లకూ వర్తిస్తుందా అన్నది కంపెనీ నుంచే రాతపూర్వకంగా తీసుకోవాలి, డీలర్ నోటిమాట వద్దు. మెషిన్‌కు మూడేళ్లు ఉన్నా బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది. వారంటీ కొన్నిసార్లు కంపెనీ గోదాములోంచి సరుకు బయల్దేరిన తేదీ నుంచే మొదలవుతుంది. అందుకే డబ్బా తెరిచిన రోజే సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి చూసి, తేదీ తప్పుంటే ఇన్‌వాయిస్ పంపి సరిచేయించుకోండి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాక ఆ పని ఎవరికీ గుర్తుండదు. 18 శాతం జీఎస్టీ విషయంలోనూ ఒక తేడా ఉంది. రిజిస్టర్ అయిన డిజైన్ ఆఫీసులు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. ఫీజుల మీద జీఎస్టీ లేని కాలేజీలకు ఆ వీలు లేదు, కాబట్టి వాళ్ల పోలిక పన్నుతో కలిపిన ధర మీదే జరగాలి.

చివరగా, బిల్లు పాస్ చేసే ముందు ప్రతి మెషిన్‌కూ కాకపోయినా లాట్‌లో రెండింటికి ఈ పరీక్షలు చేయించండి: కంట్రోల్ ప్యానెల్‌లో గ్రాఫిక్స్ వాట్లు, టాస్క్ మేనేజర్‌లో ఎన్ని ర్యామ్ స్లాట్లు నిండాయో, అడాప్టర్ మీద ముద్రించిన వాట్లు, సినీబెంచ్ రెండో స్కోరు, మీరు నిజంగా వాడే సాఫ్ట్‌వేర్‌లో మీ సొంత ఫైలు ఒకటి తెరిచి చూడడం. ఫైలు తెరిచినప్పుడు కదలిక ముద్దగా ఉంటే వెంటనే మెషిన్ మీద నింద వేయొద్దు. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కు వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచండి. చాలాసార్లు అది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తూ, లక్షల కార్డు ఖాళీగా కూర్చుని ఉంటుంది.

ఇవన్నీ టెండర్ షరతుల్లోకి ఎక్కాలంటే ఈ వాక్యం అలాగే వాడుకోవచ్చు: "సరఫరా చేసిన మెషిన్లలో కమిటీ ఎంచిన రెండింటిని సరఫరాదారు ప్రతినిధి సమక్షంలో, ఏసీ లేని గదిలో పరీక్షించగా గ్రాఫిక్స్ పవర్, మెమరీ అమరిక, అడాప్టర్ సామర్థ్యం బిడ్‌లో పేర్కొన్నదానికి తక్కువగా తేలితే మొత్తం లాట్‌ను సరఫరాదారు తన సొంత ఖర్చుతో వెనక్కి తీసుకోవాలి. పరీక్ష పూర్తయ్యేవరకు చెల్లింపు జరగదు." ఈ షరతు చూసి తప్పుకునే డీలర్ తప్పుకోనివ్వండి.

ఇట్లు,
వరంగల్ వైపు సీఏడీ, సర్వే, సిమ్యులేషన్ పనులు చేసుకునేవాళ్లం